సహజ కవచము

ఎయిడ్సు వ్యాధికి మూలమైన హెచ్‌ఐవి దేహమునందు గల తల్లి, ఏ మందును పుచ్చుకొనక, ఏ ఆసుపత్రి గడపయు త్రొక్కక బిడ్డను కన్నచో, ఆ బిడ్డకును ఆ వైరస్ తప్పక సంక్రమించి తీరునని సామాన్యముగా అందఱును తలంతురు. వాస్తవము వేఱుగా నున్నది. చనుబాలు పట్టని యెడల అట్టి తల్లులకు పుట్టిన 100 మంది శిశువులలో 15 మొదలు 25 మంది వరకు మాత్రమే ఆ వైరస్ పాలగుదురు. ఏడాదిన్నర, రెండేండ్ల దాక చనుబాలు త్రాగినచో ఆ సంఖ్య 30 మొదలు 45 వరకు పెరుగును. అనగా వైద్యమన్నది లేకున్నను సగముకంటె ఎక్కువ మంది శిశువులు తొమ్మిది నెలలు ఆ గర్భముననే పెరిగి, ఆ రక్తమునుండియే పోషణము గైకొని, పురిటినొప్పుల వేళ ఆ రక్తములోనే తడిసియు, వైరస్ సోకకయే బయటపడుచున్నారు. ఈ తప్పించుకొనుట కేవలము అదృష్టమా, లేక ఆ పసికందు పుట్టుకతో వెంట తెచ్చుకొన్న సాధనమేదైన కలదా యను ప్రశ్న గడచిన ముప్పదియేండ్లుగా శాస్త్రజ్ఞులను వెన్నాడుచున్నది.

తల్లి రక్తమును బిడ్డ రక్తమును గర్భమున ఒకటిగా కలిసి పాఱునని మనలో పలువురి యూహ. అది సరికాదు. మాయయందు ఒక సన్నని పొర ఆ రెంటిని వేఱుపఱచి, ప్రాణవాయువును పోషకములను మాత్రము అటు నిటు సాగనిచ్చును. ఆ పొర చెక్కుచెదరకున్నంత వరకు హెచ్‌ఐవి దానిని దాటుట అరుదు. చనుబాల సంగతి విడిచినచో, సంక్రమణములో అధికభాగము కాన్పు గడియలలో, మాయ సడలి రక్తములు ఒకదానినొకటి తాకునపుడును, బిడ్డ జననమార్గమున వెడలి వచ్చునపుడును జరుగును. ఆ గడియలలో తల్లి రక్తమున వైరస్ ఎంత కలదన్నదే తక్కిన అన్నిటికంటె ముఖ్యము. మిల్లీలీటరు రక్తములో 50 కంటె తక్కువ వైరస్ ప్రతులు గల తల్లినుండి బిడ్డకు సోకుట నూటికి ఒకటికంటెను తక్కువ. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొన గోరుదును. ఏలయన ఇక ముందు చెప్పబోవు జన్యువుల కథ యెంత రమ్యమైనదైనను, దాని బలము ఈ లెక్క యెదుట స్వల్పమే.

హెచ్‌ఐవి తెల్లరక్తకణములలో సిడి4 అను గుర్తు గల కణమును పట్టుకొనును. కాని లోనికి చొచ్చుటకు దానికి రెండవ ఊతము కావలెను. ఆ రెండవ ఊతము సాధారణముగా సిసిఆర్5 అను మాంసకృత్తు అని 1996లో తేలినది. అదే సంవత్సరమున, వైరస్‌కు పలుమార్లు గురియైనను రోగము అంటని కొందఱిని పరీక్షింపగా, వారిలో ఆ మాంసకృత్తును నిర్మించు జన్యువున 32 అక్షరములు లోపించి యున్నవని కనుగొనిరి. తల్లినుండి వచ్చిన ప్రతియు తండ్రినుండి వచ్చిన ప్రతియు రెండును ఇట్లు లోపించినవానికి సిసిఆర్5 కణముపై పొడచూపనే చూపదు. వైరస్ ఆ కణముల వాకిట నిలిచిపోవును. కర్ణుడు కవచకుండలములతో పుట్టెనని మనము చదువుకొంటిమి. ఇదియు అట్టి సహజ కవచమే కాని, ఇచట లోపమే కవచమగుట వింత. ఈ లోపము యూరపు ఉత్తరభాగపు జనులలో ఇంచుమించు నూటికి పది జన్యుప్రతులలో కానవచ్చును. మన దేశమున మిక్కిలి అరుదు. కావున తెలుగింటి శిశువులను కాపాడుచున్నది ఈ కవచము కాదని మొదటనే ఒప్పుకొనవలసి యున్నది.

ఈ జన్యువు పేరిట జరిగిన ఒక సాహసమును ఇచట చెప్పక మానలేను. హే జియాన్‌క్వీ అను చైనా శాస్త్రజ్ఞుడు, తండ్రికి హెచ్‌ఐవి గల దంపతుల పిండములలో సిసిఆర్5 జన్యువును కత్తిరించి, కవల ఆడుశిశువులను పుట్టించితినని 2018 నవంబరులో ప్రకటించి లోకమును నివ్వెరపఱచెను. వీర్యమును కడిగి వైరస్‌ను తొలగించు పద్ధతి అంతకు ఎంతో ముందునుండియే యుండగా, ఆ శిశువులకు తండ్రినుండి సోకునను భయమునకు తావే లేదు. లేని యపాయమును తప్పించుటకై తెలియని యపాయమును పసిబిడ్డల నెత్తిన పెట్టుట యిది. పైగా ఆ కత్తిరింపు ప్రకృతి చేసిన 32 అక్షరముల లోపమునకు సరియైన నకలైనను కాదు. 2019 డిసెంబరులో అచటి న్యాయస్థానము అతనికి మూడేండ్ల కారాగారశిక్ష విధించెను. తక్కువ వేసిరని నా యభిప్రాయము.

మనకు నిజముగా సంబంధించిన కథ ఆఱవ క్రోమోజోముపై నున్నది. అచట హెచ్‌ఎల్‌ఎ అను జన్యువుల సమూహము కలదు. ఫ్రెంచి వైద్యుడైన జా డోసే 1958లో వీనిలో మొదటి దానిని గుర్తించి, 1980లో మఱి యిద్దఱితో కలిసి నోబెల్ బహుమానము నందెను. ఈ జన్యువులు నిర్మించు చిహ్నములు దేహమందలి దాదాపు ప్రతి కణముపైనను నిలిచి, కణము లోపల తయారగు మాంసకృత్తుల తునుకలను వెలికి చూపుచుండును. వైరస్ లోన చొరబడినచో దాని తునుకయు అట్లే పైకి వచ్చును. దేహమున కాపు తిరుగుచుండు టి-కణములను రక్షకకణములు దానిని చూచి పరాయిదని గ్రహించి, ఆ కణమును సంహరించును. ఈ చిహ్నములలో రకములు వేలకొలది. ఒక్కొక్క రకము వైరస్ దేహములోని కొన్ని తునుకలనే పట్టి చూపగలదు. బి27, బి57 అను రకములు గలవారిలో పలువురు హెచ్‌ఐవి సోకినను ఏండ్ల తరబడి దానిని అదుపున నుంచుకొందురు. ఆ రకములు చూపు తునుకలు వైరస్ తన ప్రాణమునకు ముప్పు లేక మార్చుకొనజాలని భాగములగుటయే అందులకు కారణము.

ఐతే వారసత్వములో ఒక చిక్కు కలదు. బి27 గల తల్లి దేహమున కొన్నేండ్లు పోరాడిన వైరస్, తుదకు ఆ తునుకలో ఒకటి రెండు అమైనో ఆమ్లములను మార్చుకొని టి-కణముల కన్నుగప్పుట నేర్చును. అట్టి తల్లికి పుట్టిన బిడ్డ ఆమెనుండి బి27ను పొందవచ్చును; వైరస్ సోకినచో, బి27కు ఇక దొరకని ఆ మాఱిన వైరస్‌నే పొందును. ఫిలిప్ గౌల్డరును ఆయన సహచరులును 2001లో ప్రకటించిన పరిశోధనలో జరిగినది సరిగా ఇదియే: తల్లిని చిరకాలము కాచిన రకము ఆమె బిడ్డకు కొఱగాకపోయినది. తల్లి ఆస్తి బిడ్డకు సంక్రమించెను కాని, అప్పటికే అది తాకట్టున పోయియున్నది.

దీనినిబట్టి బిడ్డకు తల్లి పోలిక యెంత తక్కువగా నున్న అంత మేలేమో యను ఊహ పుట్టుట సహజము. కెన్యా రాజధానియైన నైరోబీలో తల్లులను శిశువులను పరీక్షించిన కెల్లీ మాక్‌డొనాల్డ్ మొదలగువారు 1998లో అట్టి ఫలితమునే ప్రకటించిరి: తల్లి బిడ్డల హెచ్‌ఎల్‌ఎ రకములు ఎంత యెక్కువగా ఏకమైన, బిడ్డకు హెచ్‌ఐవి సోకు అవకాశము అంత పెరిగినది. ఇందులకు రెండు కారణములు చెప్పుదురు. తల్లి రకములకు దొరకకుండ మాఱిన వైరస్, అవే రకములు గల బిడ్డకును దొరకదన్నది మొదటిది. రెండవది మఱింత సూక్ష్మము. హెచ్‌ఐవి కణమునుండి వెలికి వచ్చునపుడు ఆ కణపు పైపొరనే చుట్టుకొని, దానిపై నున్న హెచ్‌ఎల్‌ఎ చిహ్నములను కూడ తోడు తెచ్చుకొనును. ఆ చిహ్నములు బిడ్డకు పరాయివైనచో, ఇతరుని అవయవమును తిరస్కరించు రీతిగా శిశుదేహము వానిపై తిరుగబడును; తనవియే యైనచో ఊరకుండును.

ఈ ఫలితమును చదివినప్పుడు నా బుద్ధి పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరున బంధువులను పెండ్లాడు తెలుగువారి వైపు పోయినది. బెంగాల్ నాగపూరు రైల్వే, అనగా నేటికిని పెద్దలు బీఎన్నార్ అని పిలుచుకొను ఆ సంస్థ, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆ యూర కర్మాగారమును నెలకొల్పగా, నాటి మద్రాసు రాజధానిలోని గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి తెలుగువారు వేలకొలదిగా తరలి వచ్చి నిలిచిపోయిరి. మథురాకాటి, నిమ్పురా, ఓల్డ్ సెటిల్‌మెంటు, న్యూ సెటిల్‌మెంటు వాడలలో నేడును తెలుగు వినవచ్చును. మూడు నాలుగు తరములు బెంగాలులో గడచినను, పెండ్లి యనగానే పలువురి చూపు పలాస వైపు, ఇచ్ఛాపురము వైపు, విజయనగరము వైపు మఱలును. చుట్టునున్న బెంగాలీ కుటుంబములకు వినుటకే వింతయైన మేనరికము, అక్కకూతురును చేసికొనుట, ఈ వాడలలో వింత కాదు.

మేనరికపు దంపతుల బిడ్డకు తల్లితో హెచ్‌ఎల్‌ఎ పోలిక యెంత పెరుగునో కాగితముపై లెక్క కట్టవచ్చును. ప్రతి మనుష్యునకు ఈ జన్యువుల సరములు రెండు. బిడ్డకు తల్లి రెంటిలో ఒకటియు, తండ్రి రెంటిలో ఒకటియు వచ్చును. దంపతులు బంధువులు కానియెడల తండ్రి యిచ్చు సరము తల్లికి సాధారణముగా పరాయిది. మేనమామ మేనకోడలిని పెండ్లాడినచో, తండ్రి యిచ్చు సరమును తల్లి దేహమందలి రెంటిలో ఒకటియు ఒకే పూర్వికునినుండి వచ్చినవగుటకు 4లో 1 వంతు అవకాశము కలదు. మేనబావ మరదండ్రైనచో 8లో 1 వంతు. అట్లు ఒకే పూర్వికుని సరము తండ్రినుండి వచ్చిన బిడ్డ హెచ్‌ఎల్‌ఎలో తల్లికి పరాయి యనదగినది ఏదియు నుండదు. నైరోబీ ఫలితముతో దీనిని జోడించినచో, మేనరికపు బిడ్డ విషయమున వైరస్ పని రవంత సులువగునేమో యని తర్కించవచ్చును. ఇది తర్కమే కాని తీర్పు కాదు. బిడ్డకు జబ్బు చేసినంతనే మేనరికమును తిట్టిపోయు అత్తలకును, కోడలి జాతకమును తిట్టిపోయు మామలకును ఈ లెక్కను ఆయుధముగా ఇచ్చుట నా యుద్దేశ్యము కాదు. తల్లి రక్తమున వైరస్ లేనపుడు ఏ పోలికయు ఏ హానియు చేయజాలదు. ఉన్నపుడు దానిని అణచు మందు పోలికను చూచి పనిచేయదు.

తక్కిన జన్యువులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. సిసిఆర్5ను పట్టుకొనవచ్చిన వైరస్‌కు అడ్డుపడు ఒక రసాయనమును నిర్మించు సిసిఎల్3ఎల్1 అను జన్యువు కొందఱిలో ఒకటి, కొందఱిలో అయిదాఱు ప్రతులుగా నుండును; ఎక్కువ ప్రతులు గల శిశువులకు సోకుట తక్కువయని దక్షిణాఫ్రికా పరిశోధకులు 2007లో చూపిరి. ఎస్‌డిఎఫ్1 అను జన్యువులో తల్లికి గల ఒక భేదము చనుబాల ద్వారమున సంక్రమణమును హెచ్చించుచున్నదని నైరోబీలోనే తేలినది. అనగా బిడ్డ జన్యువులే కాక తల్లి జన్యువులును లెక్కకు వచ్చును. వైరస్‌పైని చక్కెరపూతను పట్టుకొను ఎంబిఎల్ అను మాంసకృత్తు తక్కువగా తయారగు శిశువులకు ముప్పు అధికమని ఇటలీ మొదలగు చోట్ల కొన్ని పరిశోధనలు చెప్పినవి. వీనిలో ఏ యొక్కటియు ఒంటరిగా బిడ్డ గతిని నిర్ణయించునంతటిది కాదు. ఈ జన్యువులను పరీక్షించి చెప్పెదమని డబ్బు గుంజువారు ఎదురైనచో, గర్భిణి ఆ సొమ్మును పాలకు పండ్లకు వినియోగించుకొనుట మేలు.

తల్లినుండి బిడ్డకు వైరస్ మాత్రమే కాదు, రక్షణయు దాటివచ్చును. కడపటి మూడు నెలలలో తల్లి రక్తమందలి ప్రతిరక్షకములు మాయను దాటి బిడ్డను చేరును. వైరస్ సోకని బిడ్డయందును తల్లి యిచ్చిన హెచ్‌ఐవి ప్రతిరక్షకములు 18 నెలల వరకు నిలిచియుండవచ్చును. పెద్దలకు చేయు మామూలు పరీక్ష ప్రతిరక్షకములనే చూచునది కాన, పసిబిడ్డకు దానిని చేసి, సోకినదని చెప్పుట తగదు. అందుచే ఆఱు వారముల బిడ్డ మడమపై సన్నని సూదితో గ్రుచ్చి, మందమైన కాగితముపై అచ్చువేసిన వలయములలో ఒక్కొక్క రక్తపుబొట్టును నింపి, ఎండతగులని చోట ఆరబెట్టి, కవరులో నుంచి ప్రయోగశాలకు పంపుదురు; అచట వైరస్ జన్యుపదార్థమునే నేరుగా వెదకుదురు. బిడ్డ ఒక్క క్షణము ఏడ్చును. అమ్మమ్మలు అంతకంటె ఎక్కువ సేపు ఏడ్తురు.

హెచ్‌ఐవి కథ యిట్లుండగా, కామెర్లను తెచ్చు హెపటైటిస్ బి కథ తలక్రిందులు. ఆ వైరస్ ముమ్మరముగా పెరుగుచున్న దశలో రక్తమున ఇ-యాంటిజెను కనబడును. అట్టి తల్లులకు పుట్టిన శిశువులలో, ఏ రక్షణయు కల్పింపకున్నచో, 100కు 90 మందికి వైరస్ సోకును. పెద్దలకు సోకినచో నూటికి 95 మంది దానిని తామే తఱిమివేయుదురు. పురిటిలో సోకిన శిశువులలో నూటికి తొంబది మంది బ్రదుకంతయు దానిని మోయుదురు, పిదప ఏనాటికో కాలేయము గట్టిపడియో, రాచపుండు పుట్టియో బాధపడుదురు. ఇ-యాంటిజెను మాయను దాటి పిండమును ముందే చేరుట వలన, బిడ్డ నిరోధకశక్తి దానిని తనదిగా భావించి ఊరకుండునని పలువురి మతము. ఇచటను హెచ్‌ఎల్‌ఎ తప్పలేదు: ఆ సమూహములోని డిపి అను జన్యువు భేదములనుబట్టి కొందఱిలో వ్యాధి దీర్ఘకాలము నిలుచునని 2009లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. టీకా వేసినను ప్రతిరక్షకములు సరిగా పుట్టని కొద్దిమందిలో డిఆర్‌బి1 జన్యువు యొక్క 3, 7 రకములు ఎక్కువగా కానవచ్చుటయు ఎఱిగినదే.

ఐనను ఈ వ్యాధి విషయమున జన్యువును గెలిచినది టీకా. తైవాను దేశము 1984లో నవజాత శిశువులకు టీకాలు వేయుట ప్రారంభించి, ఒక్క తరములో పిల్లలయందు ఈ వైరస్‌ను నూటికి పదినుండి ఒకటికంటె తక్కువకు దించినది. మన దేశమున తొలి స్వదేశీ హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాదున తయారైనది. దానిని తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థకు వరప్రసాద్ రెడ్డిగారు తన తల్లి పేరు పెట్టిరి. విదేశపు టీకా వెలను చూచి వెనుదిరుగు సామాన్య గృహస్థునకు అది అందుబాటు ధరలో లభించెను. 2011 నాటికి దేశమంతట శిశువుల టీకాలలో చేరిన ఈ మందును పుట్టిన 24 గంటలలోపల తొలిమాఱు వేయింపవలెను. మఱునాటికి వాయిదా వేసిన కొలది దాని ప్రయోజనము తగ్గును. పురిటి స్నానమునకు, నక్షత్రమునకు, నామకరణమునకు దీనితో సంబంధము లేదు.

హెచ్‌ఐవికి నేటికిని టీకా లేదు, కాని మందు కలదు. జన్యువులు ఇచ్చు రక్షణమునకును మందు ఇచ్చు రక్షణమునకును గల తారతమ్యమును చూపు సంఖ్య 1994లో వెలువడినది: అమెరికాలోను ఫ్రాన్సులోను జరిగిన పరిశోధనలో జిడోవుడిన్ అను ఒక్క మందు తల్లి బిడ్డల కిచ్చినంతనే సంక్రమణము నూటికి 25.5 నుండి 8.3కు దిగినది. నేడు మూడు మందులు కలిపిన మాత్రను గర్భిణికి ఇచ్చి జీవితాంతము కొనసాగించు విధానమును భారతప్రభుత్వము 2014 నుండి అనుసరించుచున్నది. పుట్టిన బిడ్డకు కొన్ని వారములు నెవిరాపిన్ ద్రవము పట్టుదురు. వేళకు మొదలిడి వేళ తప్పక వాడిన తల్లుల బిడ్డలలో నూటికి తొంబదియెనిమిది మందికి పైగా వైరస్ లేకయే పెరుగుదురు. మన శిశువులలో కానవచ్చు ఏ జన్యువును ఇంత చేయలేదు, చేయజాలదు.

ఖరగ్‌పూరు తెలుగు కుటుంబముల విషయమున నన్ను కలవరపెట్టునది మేనరికము కాదు, రైలు. గర్భిణికి తొలి పరీక్షలు రైల్వే ఆసుపత్రిలోనో, పట్టణపు ప్రభుత్వాసుపత్రిలోనో జరుగును. రక్తమున హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సిఫిలిస్ కలవేమో చూతురు. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో ఆచారము ప్రకారము తొలి కాన్పునకై ఆమెను హౌరా-చెన్నై మార్గమున పుట్టింటికి పంపుదురు. పరీక్ష ఒక రాష్ట్రమున, పురుడు మఱియొక రాష్ట్రమున. నడుమ ఒడిశా అంతయు. పరీక్షల ఫలితములు వ్రాసిన కార్డు బెంగాలీలోనో ఇంగ్లీషులోనో యుండును. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు ప్రభుత్వము తెలుగునకు అధికారికమైన గుర్తింపు ఇచ్చినను, ఆసుపత్రి చీటీ యింకను తెలుగు నేర్వలేదు. అమ్మమ్మ దానిని చదువలేక బట్టల అడుగున పెట్టును. నొప్పులు అర్ధరాత్రి వచ్చును. పుట్టింటి ఊరి డాక్టరుకు ఏ సంగతియు తెలియదు. మందు వేళయు, 24 గంటల టీకాయు ఇట్లే తప్పిపోవును. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు లేక ఒక్క స్టేషను కదలని రైల్వే యుద్యోగి, భార్యను పంపునపుడు ఆమె వైద్యమునకు బదిలీ పత్రము అడుగుట మఱచుట చిత్రము. హెచ్‌ఐవి మందులిచ్చు కేంద్రములో అడిగినచో ఆ పత్రమును వ్రాసియిత్తురు. దానిని చూపినచో శ్రీకాకుళములోనో విజయనగరములోనో అదే మందు అదే రీతిగా అందును.

కావున, చూలాలిని పుట్టింటికి పంపువారు ఆ పరీక్షకాగితములను ఆమె చేతిసంచిలోనే పెట్టుడు. వాని చిత్రమును ఫోనులో నుంచుడు. పుట్టింట చేరిన వారములోనే కాన్పు జరుగనున్న ఆసుపత్రిలో చూపుడు. అచట పరీక్ష మఱల చేయుదమన్నచో కాదనకుడు. బిడ్డ పుట్టినంతనే హెపటైటిస్ బి టీకా వేసితిరా యని అడుగుడు. తల్లికి హెచ్‌ఐవి కలదని తేలినచో, బిడ్డ ఆఱవ వారమున ఏ యూర నున్నను మడమ రక్తపు పరీక్ష తప్పింపకుడు. 2017 నాటి హెచ్‌ఐవి చట్టము ప్రకారము, అందు చెప్పిన కొన్ని సందర్భములలో తప్ప, ఆమె అనుమతి లేక ఆ ఫలితమును ఎవ్వరికిని వెల్లడింపరాదు. ప్రభుత్వాసుపత్రులలో ఈ పరీక్షలకు గాని, ఈ మందులకు గాని, ఆ టీకాకు గాని పైస పుచ్చుకొనరు.